బాత్‌టబ్ చుట్టూ గోడలకు ఏం వేయాలి, ఎలా చూసుకోవాలి? తరచుగా అడిగే ప్రశ్నలు

కడపలో ఇళ్ల పనులు చేయిస్తున్న నాకు ఏడాదికి నాలుగైదు టబ్బుల కంటే ఎక్కువ తగలవు. బెంగళూరులోనో హైదరాబాదులోనో ఉద్యోగం చేసే పిల్లలు అమ్మానాన్నలకు ఇల్లు కట్టిస్తూ ఒక స్నానాలగదిలో టబ్బు పెట్టించమంటారు. టబ్బు ఎంపికకు నెల రోజులు తీసుకుంటారు, గోడకు ఏం వేయాలో దుకాణంలో నిలబడి పది నిమిషాల్లో తేల్చేస్తారు. తరువాత ఫోన్లన్నీ ఆ గోడ గురించే వస్తాయి. ఎక్కువగా వినే ప్రశ్నలు, నేను చెప్పే జవాబులు ఇవి. టబ్బు చుట్టూ మూడు గోడలకు వేసే టైల్స్, బండలు, ప్యానెళ్లు అన్నిటినీ కలిపి ఇక్కడ ‘గోడ తొడుగు’ అంటున్నాను.

నీళ్లకే కటకటగా ఉండే చోట టబ్బు పెట్టించడం తగునా?

నిర్ణయం మీది, లెక్క మాత్రం చెబుతాను. ఐదడుగుల టబ్బును మునిగేటంత నింపితే 150 నుంచి 200 లీటర్లు పడుతుంది. అంటే 20 లీటర్ల బకెట్లు ఎనిమిది నుంచి పది. వేసవిలో ట్యాంకరు కోసం ఎదురుచూసే వీధిలో ఉంటే ఇది ఆలోచించవలసిన సంగతే.

అయితే నేను చూసిన ఇళ్లలో టబ్బు నిండా నీళ్లు పెట్టుకుని పడుకునేవారు తక్కువ. పిల్లలు కొత్తలో ఆడుకుంటారు. ఆ తరువాత అందరూ అందులో నిలబడి షవర్ కింద స్నానం చేస్తారు, లేదా బకెట్ టబ్బులోనే పెట్టుకుని చెంబుతో పోసుకుంటారు. కూర్చుని చేసే స్నానానికి గోడ ఒకటి రెండు అడుగులే తడుస్తుంది. నిలబడి చేస్తే తల ఎత్తు వరకూ రోజూ తడుస్తుంది. గోడ తొడుగును ఈ రెండో అలవాటును బట్టి ఎంచుకోవాలి.

టైల్స్ వేస్తే గోడలోకి నీళ్లు దిగవు కదా? వాటర్‌ప్రూఫింగ్ వేరే ఎందుకు?

టైల్ నీళ్లను ఆపుతుంది, టైల్స్ వేసిన గోడ ఆపదు. రెండు టైల్స్ మధ్య సందు ఉంటుంది, కుళాయి పైపు బయటికి వచ్చే రంధ్రం ఉంటుంది, టబ్బు అంచు గోడను తాకే చోట ఒక గీత ఉంటుంది. నీళ్లకు ఆ గీత చాలు. లోపలికి వెళ్లిన తేమను సిమెంటు పూత పీల్చుకుంటుంది, ఇటుక దాచుకుంటుంది. మన ఎండలకు బాత్రూం వైపు ఎప్పటికప్పుడు ఆరిపోయినట్టే కనిపిస్తుంది. చెమ్మ బయటపడేది అవతలి వైపు.

ప్రొద్దుటూరులో ఒక ఇంట్లో టైల్స్ అద్దంలా మెరుస్తున్నాయి. ఆ ఇంటావిడ నన్ను పిలిచింది బాత్రూం చూపించడానికి కాదు, పడకగదిలో బీరువా చూపించడానికి. వెనుక చెక్క ఉబ్బి, అరలో పెట్టిన పట్టుచీరల మడతల్లో బూజు వాసన. బీరువా జరిపితే గోడ మీద రంగు పొక్కులు పొక్కులుగా లేచి, గోరుతో గీకితే పొడి రాలింది. ఆ గోడకు అవతల ఉన్నది టబ్బు. తప్పు టైల్‌ది కాదు. టబ్బు అంచు దగ్గర తెల్ల సిమెంటు పూసి వదిలేశారు, అది జుట్టు మందాన చీలింది.

అందుకే గోడ తొడుగు వేయకముందే దాని వెనుక పూత ఉండాలి. పాలిమర్ కలిసిన సిమెంటు పూతలు దొరుకుతాయి, పొడి ఒకటి, ద్రవం ఒకటి కలిపి కుంచెతో వేసేవి. ఒక పూత అడ్డంగా, అది ఆరాక రెండోది నిలువుగా వేయించండి. నేల, గోడ కలిసే మూలల్లో, పైపుల చుట్టూ జాలీ గుడ్డ పెట్టి దాని మీద పూయాలి. ప్లాస్టరింగ్ అయ్యాక కనీసం వారం రోజులు నీళ్లు కొట్టి, ఆరనిచ్చి, ఆ తరువాతే ఇది. టబ్బు దించకముందు నేల మీద రెండంగుళాల నీళ్లు నిలబెట్టి 24 గంటలు ఉంచండి, 48 ఉంచితే ఇంకా మంచిది. కింది అంతస్తు కప్పు మీద చెమ్మ కనిపించకపోతే ముందుకు వెళ్లవచ్చు. ఈ రెండు రోజులు ఇవ్వడానికి ఇష్టపడని మేస్త్రీ ఎంత పనిమంతుడైనా నేను ఒప్పుకోను.

యూట్యూబ్‌లో మూడు ముక్కల రెడీమేడ్ తొడుగులు చూశాం. అవి ఇక్కడ దొరుకుతాయా?

మీరు చూసినవి చాలావరకు అమెరికా వీడియోలు. అక్కడి ఇళ్లకు చెక్క చట్రం గోడలు. టబ్బుకు గోడ వైపు లేచి ఉండే అంచును ఆ చట్రానికి బిగించి, దాని మీదికి అక్రిలిక్ లేదా ఫైబర్ పలకను దించుతారు. మనవి ఇటుక గోడలు, మన దుకాణాల్లో దొరికే టబ్బుల్లో చాలావాటికి అలా లేచిన అంచు ఉండదు, చుట్టూ ఇటుక కట్టి అందులో కూర్చోబెడతారు. తెప్పించుకోవచ్చు కానీ ఒక ముక్క పగిలితే మళ్లీ దొరకబుచ్చుకోవడం కష్టం. ఆ వీడియోల నుంచి తీసుకోవలసిన పాఠం ఒకటుంది. గోడ తొడుగు టబ్బు అంచు మీదికి దిగాలి, టబ్బు వచ్చి తొడుగుకు ఆనకూడదు. ముందు టబ్బును కూర్చోబెట్టి, తరువాత టైల్‌ను దాని అంచు పైకి తెస్తే నీళ్లు జారి టబ్బులోనే పడతాయి. టైల్స్ అంతా వేసేసి చివర్లో టబ్బును ఆనించి పెడితే ఆ సందులోకే పోతాయి.

సిరామిక్ టైల్స్, విట్రిఫైడ్, గ్రానైట్, పీవీసీ ప్యానెల్: వీటిలో ఏది మేలు?

గోడల కోసం అమ్మే మామూలు సిరామిక్ టైల్ తన బరువులో పది శాతం పైనే నీళ్లు పీల్చగలదు. ముందు వైపు మెరుపు పొర ఉంటుంది కాబట్టి భయం లేదు, పీల్చేది వెనుక మట్టి భాగం. వెనుక పూత సరిగా ఉంటే ఈ టైల్ బాగానే పనిచేస్తుంది, తేలిక, కోయడం సులువు. విట్రిఫైడ్ పీల్చేది అర శాతం లోపే. రోజూ తడిసే గోడకు అది మెరుగు, కానీ బరువు ఎక్కువ, అతికించడంలో జాగ్రత్త కావాలి.

సైజు విషయంలో నాదొక పట్టుదల. రెండు బై నాలుగు అడుగుల పెద్ద టైల్స్ వేస్తే సందులు తగ్గుతాయి, నిజమే. కానీ గోడ నిటారుగా లేకపోతే పెద్ద టైల్ ఆ వంకరను దాచలేదు. పాత ఇళ్లలో ఒకటి బై రెండు అడుగులవే వేయిస్తాను.

గ్రానైట్ గట్టిది, మరకలకు లొంగదు. తాడిపత్రి దగ్గరే కాబట్టి రవాణా కలిసి వస్తుంది. మూడు గోడలకూ ముదురు రంగు వేస్తే గది గుహలా ఉంటుంది, అంతకంటే టబ్బు గట్టుకూ అరలకూ వాడి గోడకు లేత రంగు టైల్స్ వేయడం నా అభిరుచి.

పీవీసీ ప్యానెల్ చవక, ఒక్క రోజులో పని అయిపోతుంది. పొడి గోడ మీద వేస్తే కొన్నేళ్లు హాయిగా ఉంటుంది. చెమ్మ గోడను దాచడానికి మాత్రం వేయవద్దు. చెమ్మ పోదు, కనిపించకుండా పోతుంది, ప్యానెల్ వెనుక బూజు తోట పెంచినట్టవుతుంది.

మన కడప బండ వేస్తే ఎలా ఉంటుంది? సొంత ఊరి రాయి కదా.

ఈ ప్రశ్న అడిగితే నాకు సంతోషం, జవాబు చెప్పడమే కొంచెం కష్టం. అరలకు, అటకలకు, వంటగట్టుకు, గడపకు మన ఇళ్లలో ఈ నల్లటి బండ లేనిదే పని జరగదు. పాలిష్ పెడితే నిండు నలుపు. కానీ అది సున్నపురాయి. ఎర్రగుంట్ల చుట్టూ సిమెంటు ఫ్యాక్టరీలు ఉన్నది సున్నపురాయి కోసమే. సున్నపురాయిని పులుపు తింటుంది. మా ఇంటి వంటగట్టు మీద అర్ధచంద్రాకారంలో ఒక మచ్చ ఉంది. ఎప్పుడో పులిహోర కలుపుతూ పిండిన నిమ్మచెక్కను బోర్లించి మరిచిపోయిన గుర్తు అది. చేత్తో తడిమితే చుట్టూ నున్నగా, ఆ చంద్రవంక మీద మాత్రం గరుకుగా తగులుతుంది. మరక అయితే కడిగితే పోయేది. అక్కడ రాయే కరిగింది.

బాత్రూంలో దీని చిక్కు మన బోరు నీళ్లతో మొదలవుతుంది. నీటి చుక్క ఆరితే తెల్లగా మిగిలేది చాలావరకు కాల్షియం కార్బొనేట్. కడప బండలో ముఖ్యంగా ఉండేదీ అదే. కనుక తెల్ల మరకను కరిగించే ఏ మందైనా దాని కింద ఉన్న రాయినీ కరిగిస్తుంది. నల్ల రాయి మీద తెల్ల చారలు కొట్టొచ్చినట్టు కనిపిస్తాయి, తీయబోతే మెరుపు పోతుంది.

బరువు ఇంకో సంగతి. ముప్పావు అంగుళం మందం బండ చదరపు అడుగుకు దాదాపు నాలుగున్నర కిలోలు తూగుతుంది. రెండు బై నాలుగు ముక్క అంటే 36 కిలోలు. దాన్ని తల ఎత్తున గోడకు ఉత్త సిమెంటుతో అతికించి కింద మనిషి స్నానం చేయడం నాకు నచ్చదు, స్టీలు కొక్కేలు కావాలి. పైగా ఇది పొరలుగా ఏర్పడిన రాయి, కోసిన అంచుల్లోంచి నీళ్లు దిగితే ఏళ్ల మీద పొర లేచే అవకాశం ఉంది.

అందువల్ల నా సలహా: గోడకు వద్దు. టబ్బు ముందు పలకగా, సబ్బు పెట్టుకునే అరగా, గట్టుగా వాడండి. రాయిలోకి ఇంకే సీలర్ పూయించండి, అంచులకు కూడా. ఏడాదికొకసారి నాలుగు నీటి చుక్కలు వేసి చూడండి. ముత్యాల్లా నిలిస్తే సీలర్ ఉన్నట్టు, పీల్చుకుని రాయి రంగు ముదిరితే మళ్లీ పూయవలసిన సమయం వచ్చినట్టు.

బేతంచెర్ల బండలు?

అవీ సున్నపురాళ్లే. పైన చెప్పిందంతా వాటికీ వర్తిస్తుంది. లేత రంగు కాబట్టి తెల్ల చారలు అంతగా కనిపించవు, అంతే తేడా.

టైల్స్‌ను సిమెంటుతో అతికించాలా, గమ్ముతోనా?

సిరామిక్ టైల్‌ను నీళ్లలో నానబెట్టి సిమెంటుతో వేసే పద్ధతి పాతదే, సరిగా చేస్తే నిలుస్తుంది. విట్రిఫైడ్‌కు అది పనికిరాదు. నీళ్లు పీల్చని టైల్‌ను సిమెంటు పట్టుకోలేదు. దానికి టైల్ అడెసివ్ కావాలి, మేస్త్రీలు గమ్ము అనేది దాన్నే. సంచి మీద ఐఎస్ 15477 అనే భారత ప్రమాణం గుర్తు, టైపు నంబరు ఉంటాయి. మీ టైల్‌కు, గోడకు ఏ టైపు అవసరమో దుకాణంలో అడిగి తీసుకోండి.

ఏది వాడినా చూడవలసింది ఒకటే. మేస్త్రీ టైల్ వెనుక ఐదు ముద్దలు పెట్టి గోడకు నొక్కుతుంటే ఆపండి. ముద్దల మధ్య ఖాళీ మిగులుతుంది, నీళ్లు చేరడానికి అదే గది. పళ్ల కరణితో గోడంతా గీతలు పడేలా పూసి, టైల్ నొక్కాలి. మొదట్లో ఒక టైల్‌ను వెంటనే ఊడదీయించి వెనుక నిండుగా అంటిందో లేదో కళ్లతో చూడండి. మేస్త్రీ మొహం చిట్లిస్తాడు, ఫరవాలేదు. అన్నీ ఆరాక రూపాయి బిళ్లతో తట్టండి. డొల్ల శబ్దం వచ్చిన చోట సుద్దముక్కతో గుర్తు పెట్టి మార్పించుకోండి, డబ్బు పూర్తిగా ఇవ్వకముందే.

సందులకు తెల్ల సిమెంటు చాలంటున్నారు. ఎపాక్సీ అంత అవసరమా?

టబ్బు చుట్టూ గోడకు అవసరమే. ఎపాక్సీ అంటే రెండు భాగాలు కలిపి సందుల్లో నింపే రెజిన్ ముద్ద. తెల్ల సిమెంటు ఏడాదికల్లా పసుపు తిరుగుతుంది, మన నూనె స్నానాలకు, సున్నిపిండికి, పసుపుకు ఇంకా ముందే. ఎపాక్సీ నీళ్లు పీల్చదు, మరక లోపలికి దిగదు. ఖర్చు ఎక్కువ కాబట్టి మిగతా గోడలకు మామూలు సిమెంటు గ్రౌటు (సందుల్లో నింపే ముద్ద) వాడి, ఈ మూడు గోడలకే ఎపాక్సీ వేయించినా సరిపోతుంది. సందు కనీసం రెండు మిల్లీమీటర్లు ఉంచాలి. టైల్‌కు టైల్ ఆనించి వేస్తే గ్రౌటు దిగడానికి చోటే ఉండదు.

మన వేసవిలో ఒక చిక్కు ఉంది. రెండు భాగాలు కలిపాక ఎపాక్సీ గట్టిపడటానికి డబ్బా మీద రాసిన సమయం ఏప్రిల్, మే నెలల్లో బాగా తగ్గిపోతుంది. పొద్దున్నే మొదలుపెట్టి, కొద్దికొద్దిగా కలుపుకుని, వేసిన చోట వెంటనే తుడుచుకుంటూ రావాలి. టైల్ మీద పొరగా ఆరిపోయిన ఎపాక్సీని వదిలించడం కంటే కొత్త టైల్ వేయడం సులువు.

టబ్బు, గోడ కలిసే చోట ఏం పెట్టాలి?

సిలికాన్. సిమెంటు కాదు, ఎపాక్సీ కూడా కాదు. నీళ్లు, మనిషి కలిసి రెండు వందల కిలోలు పైబడితే టబ్బు కొద్దిగా కిందికి వంగుతుంది, ఖాళీ అయితే లేస్తుంది. ఆ కదలికకు సాగేది కావాలి. కాబట్టి సిలికాన్ పెట్టేముందు టబ్బును నీళ్లతో నింపండి. సందు విచ్చుకుని ఉన్నప్పుడు పెట్టి, 24 గంటలు ఆరనిచ్చి, అప్పుడు నీళ్లు వదలండి. ఖాళీ టబ్బుకు పెడితే మొదటి స్నానానికే అది సాగి అంచు వదిలేస్తుంది. వదిలిన నీళ్లు చెట్లకు పోసుకోవచ్చు.

రాయి పక్కన పెట్టే సిలికాన్ ‘న్యూట్రల్’ రకం కావాలి. ఇది నేను డబ్బు కట్టి నేర్చుకున్న పాఠం. ఒక ఇంట్లో కడప బండ గట్టుకు చేతికి అందిన ట్యూబు పెట్టించాను. వెనిగర్ వాసన వస్తున్నా పట్టించుకోలేదు. ఆ రకం ఆరేటప్పుడు ఎసిటిక్ ఆమ్లం వదులుతుంది. కొద్ది రోజుల్లో బండ పొడవునా బూడిద రంగు గీత తేలింది. నా ఖర్చుతో బండకు మళ్లీ పాలిష్ పెట్టించాను. టైల్స్‌కు ఆ రకమైనా ఇబ్బంది లేదు, రాయికే.

తొడుగు ఎంత ఎత్తు వరకూ వేయాలి?

షవర్ ఉంటే నేల నుంచి ఏడడుగులు. కప్పు వరకూ వేస్తే ఇంకా నిశ్చింత. టబ్బు అంచు దాటి పక్కకు కూడా ఒక అడుగు పోనివ్వండి, చిందే నీళ్లు అక్కడ ఆగవు.

గోడ మీద తెల్లటి చారలు పోవడం లేదు. ఏం చేయాలి?

తాగునీటి ప్రమాణం ఐఎస్ 10500 ప్రకారం నీటి కఠినత లీటరుకు 200 మిల్లీగ్రాముల లోపు ఉండటం మంచిది, వేరే నీళ్లు లేనప్పుడు 600 వరకూ ఒప్పుకుంటారు. రాయలసీమ బోర్లలో ఆ పై హద్దును దాటేవీ ఉన్నాయి. ఆ నీళ్లు గీజర్లో కాగి, గోడ మీద పడి, మన పొడి గాలికి నిమిషాల్లో ఆరిపోతాయి. సున్నం అక్కడే నిలిచిపోతుంది. సబ్బు కలిస్తే అది జిడ్డు పొరగా మారుతుంది.

మందుల కంటే వైపర్ గొప్పది. స్నానం అయ్యాక పై నుంచి కిందికి నాలుగు సార్లు లాగితే ఆరడానికి చుక్కే మిగలదు. ఒక చిన్న వైపర్‌ను అక్కడే కొక్కేనికి తగిలించండి, వేరే గదిలో పెడితే ఎవరూ తెచ్చుకోరు.

ఇప్పటికే పేరుకుపోతే, సిరామిక్, విట్రిఫైడ్ టైల్స్ మీద నిమ్మ ఉప్పు వాడండి. లీటరు గోరువెచ్చని నీళ్లకు రెండు చెంచాలు. సందులు సిమెంటు గ్రౌటుతో ఉంటే ముందు గోడను మామూలు నీళ్లతో తడపాలి, లేకపోతే పులుపును అవే పీల్చుకుంటాయి. గుడ్డతో అద్ది, పది నిమిషాలు ఆగి, మెత్తటి స్పాంజితో రుద్ది, బాగా కడగండి. మొండి చోట్ల రెండోసారి చేయండి, మోతాదు పెంచవద్దు. ఇనుప పీచు ముట్టుకోవద్దు. కడప బండ, బేతంచెర్ల బండ, పాలరాయి ఉన్న చోట ఇదేదీ వద్దు, పులుపు లేని సబ్బునీళ్లతో సరిపెట్టుకోవాలి.

బాత్రూం యాసిడ్‌తో ఒక్క దెబ్బకు పోతుంది కదా?

పోతుంది. దాంతోపాటు గ్రౌటు, కుళాయిల మెరుపు, రాయి కూడా పోతాయి. బ్లీచింగ్ పౌడరు చల్లిన చోట యాసిడ్ పోస్తే క్లోరిన్ వాయువు వస్తుంది, తలుపు మూసిన చిన్న గదిలో అది ప్రాణాపాయం. పనిమనిషికి ఈ మాట మీరే చెప్పండి. రెండు డబ్బాలు పక్కపక్కన పెట్టకండి.

సిలికాన్ మీద నల్ల మచ్చలు వచ్చాయి.

పైన పడిన బూజు అయితే కొద్దిగా బ్లీచ్ నీళ్లతో పోతుంది, కిటికీ తెరిచి పెట్టుకోండి. లోపలికి దిగితే ఎంత రుద్దినా పోదు. బ్లేడుతో పాతదంతా కోసి తీసి, స్పిరిట్‌తో తుడిచి, పూర్తిగా ఆరాక కొత్తది పెట్టించండి. పాత దాని మీదే కొత్తది పూయిస్తే అంటుకోదు. తరచూ బూజు వస్తుంటే గాలి ఆడటం లేదన్నమాట, ఎగ్జాస్ట్ ఫ్యాను స్నానం తరువాత పావుగంట తిరగనివ్వండి.

అమ్మానాన్నలకు పట్టుకునే కడ్డీ తరువాత బిగించుకోవచ్చా?

ముందే బిగించండి. టబ్బు అంచు దాటడానికి కాలు ఎత్తినప్పుడు చేయి ఎక్కడికి పోతుందో వారినే నిలబెట్టి చూసుకుని, టైల్స్ వేయకముందే గోడ మీద గుర్తు పెట్టండి. మేకు డొల్ల ఇటుకలోకి పోకుండా అక్కడ కాంక్రీటు ముక్క నింపించవచ్చు. తరువాత రంధ్రం చేస్తే వెనుక పూతకు బెజ్జం పడినట్టే. తప్పనిసరైతే రంధ్రం నిండా సిలికాన్ నింపి, ఆ తరువాత బిగించాలి.

టబ్బు ముందు భాగం ఇటుకతో మూసేశారు. లోపల కారుతోందో లేదో ఎలా తెలుస్తుంది?

తెలియదు. అందుకే అలా మూయకూడదు. నీళ్లు పోయే గొట్టం ఉన్న చివర అడుగున్నర వెడల్పు తలుపు ఉండాలి. టబ్బు ముందు ఇటుక కట్టాక ఆ తలుపు ఖాళీని మూసే కడప బండ ముక్కను సిమెంటుతో అతికించవద్దు. నాలుగు మూలలా న్యూట్రల్ సిలికాన్ చుక్కలు పెట్టి నిలబెట్టించండి. చూడవలసి వచ్చినప్పుడు బ్లేడు పెట్టి కోస్తే బండ పగలకుండా ఊడి వస్తుంది. ఏడాదికొకసారి తీసి, టార్చి వేసి, గొట్టం కింద పొడి చేత్తో తడిమి చూడండి.